తల ఎత్తిన జింక మనకు దగ్గరైనట్టా, దూరమైనట్టా?

హంద్రీ గట్టు (కర్నూలు)

సభ్యులందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు వెళ్లి, అక్కడి గడ్డిబీళ్లలో కృష్ణజింకల ఫోటోలు తీస్తున్నాను. మొన్న పాత ఫోటోలను సర్దుతూ, నలుగురూ మెచ్చుకున్న వాటిని ఒక చోట, ఎవరికీ చూపకుండా పక్కన పడేసిన వాటిని మరొక చోట చేర్చాను. మెచ్చుకున్న వాటిలో దాదాపు ప్రతి ఫోటోలోనూ జింక తల ఎత్తి, చెవులు నిక్కబొడుచుకుని, సూటిగా కెమెరా వైపు చూస్తోంది. కళ్లతో మాట్లాడుతున్నట్టుందని, ఆ జింకకూ నాకూ ఏదో బంధం ఉన్నట్టుందని మిత్రులు రాశారు. నేనూ అలాగే నమ్మాను. ఆ చూపు కోసమే మండుటెండలో రేగడి నేల మీద బోర్లా పడుకుని గంటల తరబడి పాకాను.

వాటిలో ఒకదాన్ని పెద్దదిగా అచ్చు వేయించి ఇంట్లో గోడకు తగిలించాను. మా అమ్మ చిన్నతనంలో మేకలు కాసిన మనిషి. ఊరి నుంచి వచ్చి ఆ ఫోటో ముందు కాసేపు నిలబడి, "మేత ఆపేసిందే, పాపం దేన్ని చూసి బెదిరిందో" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది. అది బెదిరింది నన్ను చూసే. ఆ సంగతి అమ్మకు తెలియదు, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజు నుంచి నా ఫోటోలు నాకే వేరుగా కనిపిస్తున్నాయి. ఏ క్షణాన్ని నేను ఆత్మీయత అనుకున్నానో, ఆ క్షణంలో ఆ ప్రాణి నా నుంచి పారిపోవాలా వద్దా అని తేల్చుకుంటోంది. ముఖం నిండుగా దొరికిన చోట మనసు దూరంగా ఉంది. పక్కన పడేసిన వాటిని మళ్లీ తీసి చూశాను. వెనక్కి తిరిగి పడుకుని నెమరు వేస్తున్న జింక, కాలితో చెవి గోక్కుంటున్న పిల్ల, అంత బీటిలో చుక్కల్లా కనిపించే మంద. వాటిలో నన్ను ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అవి బాగా రాలేదని అప్పట్లో తీసివేశాను. ఈ విషయంలో మీ అనుభవాలు ఏమిటో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలు పెడుతున్నాను.

మంద వెంట (కళ్యాణదుర్గం)

అన్నా, మీ అమ్మగారు చెప్పిన మాటలో ఉన్నది మా ఇంట్లో రోజూ అనుకునే సంగతే. మాది గొర్రెల మంద మీద బతికిన కుటుంబం. గొర్రె మేస్తూ కాపరికి వీపు చూపించి నడుస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. మంద అంతా ఒక్కసారి తలలు ఎత్తి ఒకే దిక్కుకు చూసిందంటే, అక్కడ తోడేలో కుక్కో ఉందని మా నాయన కర్ర చేతికి తీసుకునేవాడు. తన వైపు చూసే గొర్రెను చూసి ఆయన ఏనాడూ మురిసిపోలేదు. తనను మరచిపోయి మేసే మందను చూసినప్పుడే నిశ్చింతగా కూర్చుని సంగటి ముద్ద తినేవాడు.

నేను కెమెరా పట్టిన తర్వాత మా గుట్టల్లో తోడేళ్లను వెతికాను. మూడేళ్లలో దొరికిన మంచి ఫోటోలు నాలుగే. వాటిలో మూడు పారిపోతూ వెనక్కి తిరిగి చూసినవి. నాలుగోది మా మందకు అవతల, వంక ఒడ్డున, ఉదయపు ఎండలో ఒళ్లు విరుచుకుంటున్న ఆడ తోడేలు. అది మమ్మల్ని చూడలేదని అనుకోవడం అమాయకత్వం. గొర్రెలను, నాయనను, నన్ను అందరినీ అది ఎప్పుడో లెక్క వేసుకుని ఉంటుంది. అయినా ఆ దూరంలో మేము ఉంటే పరవాలేదని నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం దానిది. నేను ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఆ ఫోటో ఉండేది కాదు. గొర్రెపిల్లలను ఎత్తుకుపోయిన జాతి మీద మా నాయనకు ప్రేమ ఉండే అవకాశం లేదు. ఆ ఫోటో చూసి మాత్రం ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పాలు తాగే పిల్లలు ఉన్నట్టున్నాయి అని చివరికి అన్నాడు.

ఆ వంక ఏ ఊరి దగ్గరిదో నేను ఇక్కడ రాయను. ఫోటోలో దాగి ఉండే స్థల వివరాలను కూడా తీసివేసిన తర్వాతే ఎవరికైనా పంపుతాను. గుహ జాడ తెలిస్తే పొగ పెట్టే వాళ్లు ఉంటారు.

నల్లమల అంచు (ఆత్మకూరు)

హంద్రీ గట్టు గారి బాధను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను. తల ఎత్తిన ప్రతి జంతువూ భయపడినట్టు కాదు. వాటికీ కుతూహలం ఉంటుంది. చిన్న జింకలు కొత్త వస్తువును చూసి రెండడుగులు ముందుకు వచ్చి వాసన పట్టడం నేను కళ్లారా చూశాను. అన్నింటినీ భయంగా లెక్క వేస్తే, అన్నింటినీ ప్రేమగా లెక్క వేసిన పాత పొరపాటునే తిరగేసి చేసినట్టవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది బట్టమేక పిట్ట కోసం. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు. పదిహేను కిలోల దాకా తూగే ఆ పక్షులు దేశం మొత్తం మీద బీళ్లలో స్వేచ్ఛగా తిరిగేవి ఇప్పుడు 150కి మించి లేవని అంచనా. మన బీళ్లలో దాన్ని చూశామని చెప్పుకునే వాళ్లు కూడా తగ్గిపోయారు. ఆ పక్షి నిటారుగా మెడ ఎత్తి నిలబడిన ముఖచిత్రాన్ని చూసే కదా పట్నాల్లో ఉన్న లక్షల మందికి అది ఒకటి ఉందని తెలిసింది! పెద్ద బీటిలో ఒక చుక్కను చూపించి "ఇదే బట్టమేక" అంటే ఎవరి గుండె కదులుతుంది? మనిషి ముఖాన్ని చూసి కదిలే ప్రాణి. ఆ బలహీనతను వాడుకోవడం తప్పు కాదని నా అభిప్రాయం.

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు (అనంతపురం)

ఇద్దరి మాటల్లోనూ పట్టు ఉంది కనుక నాకు తెలిసిన కొంత నేపథ్యాన్ని జోడిస్తాను. మనిషి దగ్గరికి వస్తుంటే జంతువు ఒక హద్దు దాకా సహిస్తుంది, ఆ హద్దు దాటితే పారిపోతుంది. ఆ హద్దును పలాయన దూరం అంటారు. హైనీ హెడిగర్ అనే స్విస్ జంతుశాస్త్రవేత్త దీన్ని శాస్త్రీయంగా వివరించాడు. ఆ హద్దు ఒక్కో జాతికి ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకే జాతిలోనూ వేట ఎక్కువగా ఉన్న చోట పెరుగుతుంది, హాని లేదని తెలిసిన చోట తగ్గుతుంది. పారిపోవడానికి ముందే మేత తగ్గడం, తల ఎత్తడం, మంద దగ్గరకు చేరడం వంటి మార్పులు వస్తాయి. కాలు కదలనంత మాత్రాన జంతువు ప్రశాంతంగా ఉందని అనుకోవడానికి వీల్లేదు.

నల్లమల అంచు గారు చెప్పినట్టు కుతూహలానికీ తల ఎత్తుతుంది. తేడా తెలియాలంటే ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి. కాసేపటికి తల దించి మేతలో పడితే మనల్ని అనుమతించినట్టు. మేయడం మానేసి చూస్తూనే ఉంటే మనం అప్పటికే మరీ దగ్గరికి వచ్చేశాం. కెమెరా మొదటి క్షణాన్నే పట్టుకుని ఆగిపోతుంది. రెండో క్షణం ఫోటోలో ఉండదు.

ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, జంతువుల గురించి చెప్పిన ఈ ఆలోచనను ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త 1960లలో మనుషులకు అన్వయించాడు. తన దేశపు మనుషులను గమనించి, అర మీటరు లోపలిది అత్యంత ఆత్మీయుల దూరమని, సుమారు 1.2 మీటర్ల దాకా స్నేహితులదని, ఆ పైన 3.6 మీటర్ల దాకా పరిచయస్తులదని విభజించాడు. ఈ కొలతలు ఒక్కో సమాజంలో ఒక్కో రకంగా ఉంటాయని కూడా అతడే చెప్పాడు. మన ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న వాడికి ఆ అర మీటరు ఎక్కడ దొరుకుతుంది? అయినా మనం అక్కడ ముఖం బయటికి తిప్పుకుని, చూపు తప్పించి, శరీరానికి దొరకని దూరాన్ని చూపుతో సంపాదించుకుంటాం. హంద్రీ గట్టు గారి జింకకు చూపు తిప్పుకునే ఆ సౌకర్యం కూడా లేదు.

ఇంకొక్క మాట. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు పక్షుల ఫోటోగ్రఫీకి ఆద్యులలో ముఖ్యులు. 1892లో గూడులో గుడ్లు ఉండగా ఫోటో తీశారు. తర్వాత పక్షులు బెదరకుండా ఉండేందుకు ఎద్దు చర్మంతో బోలు బొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో నిలబడ్డారు. రోళ్లపాడు జింకలు ఇప్పటికీ ఎద్దుల బండికి అంతగా జడవవు. జీపు దిగి నడిచే మనిషిని చూస్తే కదిలిపోతాయి.

శనగ చేను (మిడుతూరు వైపు)

అయ్యా, మీరంతా దగ్గరితనం గురించి మాట్లాడుతున్నారు. నాకు ఆ జింకలు కోరుకున్న దానికంటే దగ్గరగానే ఉన్నాయి. రాత్రి నా చేనులో ఉంటాయి. శనగ మొలక వచ్చిన దగ్గర నుంచి కోత దాకా మంచె మీద కావలి పడుకోవలసి వస్తుంది. ఒక్క రాత్రి కునుకు పట్టినా తెల్లారేసరికి సాళ్లు సాళ్లు బోడిగా ఉంటాయి. ఫోటోలు తీసే వాళ్లు వచ్చి, మా గట్టు మీద నిలబడి, మందలో మగ జింక కొమ్ముల అందాన్ని పొగిడి వెళ్లిపోతారు. నా ముఖం ఒక్కరూ చూడరు. కొందరు నన్ను ఫ్రేములో నుంచి పక్కకు జరగమని కూడా అడిగారు.

వాటి మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. అయితే రాళ్లు రువ్వి అదిలించిన నేనే, నిరుడు కంచెలో కాలు ఇరుక్కున్న పిల్లను విడిపించి, ఒంటిమీది టవలు కళ్లకు కప్పి, తల్లి వచ్చే దాకా దూరంగా కూర్చున్నాను. కళ్లు మూస్తే అది నిమ్మళించింది. ఆ సంగతి ఫోటో తీయడానికి అక్కడ ఎవరూ లేరు, ఉండి ఉంటే నేను తీయనిచ్చేవాడిని కాదు.

లంకమల దారి (కడప)

శనగ చేను అన్నగారి మాట చదివిన తర్వాత రాయకుండా ఉండలేకపోయాను. మాది సిద్ధవటం వైపు. మా ప్రాంతంలో ఒక పక్షి ఉంది, దానిపై ప్రేమ ఉన్న వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది దాన్ని చూడలేదు. నేనూ చూడలేదు. కలివి కోడి. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత కనిపించకుండా పోయి, అంతరించిందని అందరూ అనుకున్న తర్వాత, 1986 జనవరిలో మా లంకమల పొదల్లో తిరిగి దొరికింది. దొరికిన విధానం తలచుకుంటే ఇప్పటికీ మనసు పిండేసినట్టు ఉంటుంది. పిట్టలు పట్టే స్థానికుడొకరు రాత్రి టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టుకున్నారు. ఎనభై ఆరేళ్ల తర్వాత మనిషికి అంత దగ్గరగా వచ్చిన ఆ పక్షి ఎక్కువ కాలం బతకలేదు.

ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు వేరే దారి పట్టారు. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పరచి, ఉదయాన్నే వెళ్లి అడుగుజాడలు వెతికేవారు. వెనక వేలు లేని మూడు వేళ్ల జాడ ఉంటే రాత్రి అది అక్కడ నడిచినట్టు. దారుల పక్కన వాటంతట అవే పనిచేసే కెమెరాలు పెట్టారు. సాయంత్రం చీకటి పడే వేళ దాని కూత కోసం చెవి ఒగ్గారు. నా వరకు, ఆ మట్టి మీద పడిన మూడు వేళ్ల గుర్తు ఏ ముఖచిత్రానికీ తీసిపోని వన్యప్రాణి ఫోటో. పక్షి మనల్ని చూడలేదు, మనం దాన్ని చూడలేదు, అయినా అది ఉంది, దాని ఉనికిని మనం గౌరవించాం. రికార్డు చేసిన కూతను ఫోనులో వినిపించి పక్షులను పిలిచే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. పరిశోధన కోసం కొలతగా, మితంగా చేయడం వేరు. తన జాతి పిలుస్తోందని నమ్మి పరుగెత్తుకొచ్చిన ప్రాణిని ఫోటో కోసం మోసం చేయడం వేరు.

ఇక నా సొంత విషయం. మా అబ్బాయికి పదహారేళ్లు. రెండేళ్లుగా నాతో సరిగా మాట్లాడడు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని, వాడి కళ్లలోకి చూస్తూ, ఏమైందిరా నాయనా అని అడిగేదాన్ని. అడిగిన ప్రతిసారీ తలుపు వేసుకునేవాడు. లంకమలలో పొదల పక్కన సాయంత్రాలు కూర్చోవడం అలవాటైన తర్వాత, ఎందుకో ఇంట్లో కూడా అలాగే కూర్చోవడం మొదలు పెట్టాను. వాడు గుమ్మంలో కూర్చుంటే నేను కొంచెం ఎడంగా, వాడి వైపు చూడకుండా, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంటాను. ఏమీ అడగను. పోయిన నెలలో ఒక రోజు తనంతట తానే, కాలేజీలో జరిగిన ఒక సంగతి సగం చెప్పి ఆపేశాడు. మిగతా సగం నేను ఇప్పటి దాకా అడగలేదు.

మంద వెంట (కళ్యాణదుర్గం)

అక్కా, అడగకండి. వాడే చెబుతాడు.

చింతచెట్టు కింద (వీరాపురం)

మా ఊరి సంగతి దీనికి పూర్తిగా భిన్నం కనుక చెబుతున్నాను. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లలను చేసి వెళ్తాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని మా అవ్వ చెప్పేది. వాటి రెట్ట వాసన, పిల్లల అరుపులు, పైనుంచి జారిపడే చేపలు అన్నీ మా వాకిట్లోనే. అవి మా నెత్తి మీద ఇరవై అడుగుల ఎత్తున వీపు తిప్పుకుని నిద్రపోతాయి. పలాయన దూరం అని సార్ చెప్పిన మాట చదివి, మా కొంగలకు అది మేము ఉన్నంత వరకు దాదాపు లేనట్టే అనుకున్నాను.

కానీ అది మాకు మాత్రమే. అదే చెట్టు కింద కొత్త మనిషి పెద్ద లెన్సు ఎత్తి నిలబడితే మెడలు సాగదీస్తాయి. ఒకసారి ఎవరో డ్రోన్ ఎగరేశారు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అనంతపురం ఎండ మీకు తెలియనిది కాదు. ఆ వేళ తల్లి కొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు గొడుగులా విప్పి, పిల్లలకు నీడ పడుతుంది. డ్రోన్ మోతకు పెద్దవన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఎండలో రొప్పుతుంటే ఊరు ఊరంతా బయటికి వచ్చి ఆ యంత్రాన్ని దింపించింది. ఎగిరిన కొంగలు గులాబీ రంగు ఈకలతో ఆకాశం నిండా పరుచుకున్న ఫోటో అతనికి దొరికే ఉంటుంది. చూసిన వాళ్లు అద్భుతమని మెచ్చుకునే ఉంటారు. ఆ గూళ్లలో నీడ లేని ఆ కాసేపు ఎంత పొడవుగా గడిచిందో మాకు తెలుసు.

మేము వాటిని ప్రేమిస్తున్నామని ఎన్నడూ చెప్పుకోలేదు. పటాకులు కాల్చం, కొమ్మలు కొట్టం, పడిన పిల్లను ఎత్తి కాపాడతాం. అంతే.

పెళ్లి ఫోటోగ్రాఫరు (ప్రొద్దుటూరు)

లెన్సు గురించి ఒక చిన్న సవరణ. 600 ఎంఎం లెన్సు మనల్ని జంతువుకు దగ్గర చేస్తుందని అందరం అనుకుంటాం. అది బొమ్మను పెద్దది చేస్తుంది, అంతే. వస్తువుల మధ్య ఎడం ఎలా కనిపిస్తుందనేది కెమెరా ఎంత దూరంలో నిలబడిందనే దాన్ని బట్టి ఉంటుంది. లెన్సు మార్చినంత మాత్రాన అది మారదు. నూటయాభై అడుగుల దూరం నుంచి తీసిన ముఖం ఎంత నిండుగా ఉన్నా, వెనక ఉన్న గుట్ట దాని చెవికి అతుక్కున్నట్టు ఉంటుంది. కన్ను ఆ దూరాన్ని గుర్తు పడుతుంది. వెనకదంతా మసకబరిస్తే స్థలం కూడా పోతుంది. అది రోళ్లపాడు జింకో, జంతు ప్రదర్శనశాల జింకో చెప్పలేం. నేను పెళ్లికూతుళ్లను కూడా ఒకప్పుడు అలాగే తీసేవాడిని. అప్పగింతల వేళ మాత్రం ఇప్పుడు వెనక్కి జరిగి, తండ్రి చేతులతో సహా తీస్తాను.

నల్లమల అంచు (ఆత్మకూరు)

వీరాపురం వారి పోస్టు నన్ను ఆలోచింపజేసింది. గుండె కదిలించే ఫోటో కావాలని నేను అన్న మాటను వెనక్కి తీసుకోను, ఎందుకంటే వీరాపురంలో పుట్టని వాళ్లకు కొంగల మీద మమకారం మరో మార్గంలో రావాలి. కానీ ఆ ఫోటోకు వెల ఎవరు చెల్లించారో కూడా దాని పక్కన రాయాలి. బట్టమేక పెట్ట మామూలుగా నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. దాన్ని లేపి ఒక ఫోటో తీసి వచ్చేసరికి కాకి పని ముగించి ఉండవచ్చు. నా దగ్గర గూళ్ల ఫోటోలు కొన్ని ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటివి. వాటిని ఇకపై ఎక్కడా పెట్టను.

హంద్రీ గట్టు (కర్నూలు)

మూడు వారాలుగా రాయలేదు, మన్నించండి. నిన్న మళ్లీ వెళ్లాను. ఈసారి లోపలికి వెళ్లలేదు. మిడుతూరు వైపు ఒక చేను గట్టు మీద, రైతును ముందుగా అడిగి, తెల్లవారక ముందే కూర్చున్నాను. అది శనగ చేను అన్నగారిది కాదు, అయినా ఆయన మాటలు చెవిలో ఉన్నాయి. రైతు టీ తెచ్చి ఇచ్చి, నా పక్కనే కూర్చున్నాడు. పొద్దెక్కే వేళకు మంద వచ్చింది. ఒక పెద్ద మగ జింక తల ఎత్తి మా ఇద్దరినీ చూసింది. కెమెరా ఒళ్లో ఉంది. చేతులు లేవబోయాయి, పట్టుకుని ఆపుకున్నాను. అధ్యాపకులు చెప్పిన ఆ రెండో క్షణం కోసం చూశాను. చాలాసేపు చూసింది. తర్వాత తల దించి మేసింది. ఇంకాసేపటికి మోకాళ్లు మడిచి కూర్చుని, మాకు వీపు తిప్పి, నెమరు వేయడం మొదలు పెట్టింది. అప్పుడు ఒక్కటే తీశాను.

జింక ఫ్రేములో వేలెడంత ఉంది. కుడి వైపు అంచున రైతు భుజం, చేతిలో గ్లాసు ఉన్నాయి. అవి పొరపాటున రాలేదు. జత చేస్తున్నాను. ముఖం కనిపించదు.

శనగ చేను (మిడుతూరు వైపు)

చూశాను. ఎవరి చేనో గట్టును బట్టి పోల్చుకున్నాను. ఎంత దూరం ఉంటుంది?

హంద్రీ గట్టు (కర్నూలు)

నూట ఇరవై అడుగులు ఉండవచ్చు అన్నా. అది లేచి వెళ్లిన తర్వాత కూడా నేను అడుగులు వేసి కొలవలేదు, మిగతా మంద అక్కడే మేస్తోంది.

లంకమల దారి (కడప)

అమ్మకు చూపించారా?

హంద్రీ గట్టు (కర్నూలు)

చూపించాను. కడుపు నిండినట్టుంది అన్నది.